బొమ్మలో లేని అర్ర

అరవై తొమ్మిది ఉద్యమానికి నా వంతుగా నేను చేసిన సేవ ఒక్కటే. గోడల మీద రాసిన నినాదాలకు నీడలు పెట్టాను. జనగామలో మా కాలేజీ జట్టు మొత్తం ఎర్రటి జాజుతో "జై తెలంగాణ" అని గబగబా రాసి సందుల్లోకి ఉరికేది. నేను మాత్రం బొగ్గుముక్కతో ప్రతి అక్షరానికీ కుడిపక్కనా, కిందా నీడ దిద్దుతూ, అది గోడలోంచి బయటికి పొడుచుకొచ్చినట్టు కనబడేదాకా కదిలేవాణ్ణి కాదు. ఒకసారి ఒక పోలీసు జవాను లాఠీతో వచ్చి, కొట్టే ముందు చెయ్యి చాచి అక్షరాన్ని తడిమి చూశాడు, సిమెంటుతో పోశారేమోనని. తడిమాక కొట్టాడు.

ఆ ఏడాది కాలేజీ మూతబడింది, పరీక్షలు పోయాయి, ఇంజనీరు కావాలన్న నా ముచ్చట కూడా వాటితోనే పోయింది. రాష్ట్రం రాలేదు గానీ నాకు నీడలు వేయడం వచ్చింది. దాన్నే నమ్ముకొని డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు చదివి, జనగామ స్టేషన్ రోడ్డులో ఒక రిటైరైన ఓవర్సీరు నడిపే దుకాణంలో పనికి కుదిరాను. ఓవర్సీరుది కోస్తా జిల్లా. నేను నోరు తెరిస్తే నా యాసకు నవ్వేవాడు, గీత గీస్తే ఊరుకునేవాడు. "నువ్వు మాట్లాడకోయ్, గీసెయ్" అనేవాడు. నాకు ఒళ్ళు మండేది. అయినా ఆయన దగ్గర పని నేర్చుకున్నాను. ఆయన వెక్కిరింతకు నేను చేసిన ప్రతీకారం ఒక్కటే, కొన్నేళ్ళకు ఆయన కూడా "జర ఆగుండ్రి" అనడం మొదలుపెట్టాడు.

మా దుకాణంలో పని ఏమిటంటే, ఇంకా పునాది కూడా తవ్వని ఇంటిని కాగితం మీద నిలబెట్టి చూపించడం. నక్షా మామూలు మనుషులకు అర్థం కాదు. కప్పు లేపేసి పైనుంచి కాకి చూసినట్టుంటుంది. లక్షణంగా ఇల్లు కట్టుకుందామని వచ్చినవాడికి నక్షా చూపిస్తే, తన ఇల్లు కూలిపోయి నేలమట్టమైనట్టు బెంగపడేవాడు. అందుకని పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ కంటికి ఆనేలా ఒక బొమ్మ వేసిచ్చేవాళ్ళం. ఆ బొమ్మ ఎన్ని తీర్లుగానైనా వేయొచ్చు. ఒట్టి గీతలతో వేయొచ్చు, దాన్ని మా గిరాకీలు ఎముకల బొమ్మ అనేవారు. గోడలన్నీ గాజువైతే ఎలా ఉంటుందో అలా, వెనకున్న అర్రలు కూడా చుక్కల గీతల్లో కనబడేలా వేయొచ్చు. అది అద్దాల బొమ్మ. పెన్సిలుతో వెలుగూ చీకటీ దిద్దితే నీడల బొమ్మ. అన్నింటికన్నా గిరాకీ ఉన్నది రంగుల బొమ్మకు. దాన్ని పెండ్లి బొమ్మ అనేవారు, ఎందుకంటే అందులో ఇల్లు పెండ్లికూతురిలా ఉంటుంది, నిజం తర్వాత తెలుస్తుంది.

"ఏ తీరు బొమ్మ వేయాలో ఇంటిని చూసి తేల్చకు, మనిషిని చూసి తేల్చు" అనేవాడు ఓవర్సీరు. ఆ మాట మాత్రం నూటికి నూరుపాళ్ళు నిజం. మహబూబాబాదు నుంచి వచ్చిన ఒక రైసుమిల్లు సేటుకు నేను బహు శ్రద్ధగా నీడల బొమ్మ వేసిస్తే, చిమ్నీలోంచి పొగ రాలేదని వాపసు చేశాడు. పొగ పెట్టాను. చాల్లేదన్నాడు. ఇంకా పెట్టాను. చివరికి మిల్లు కనబడకుండా పోయింది, సేటు సంబరపడిపోయాడు. కురవి నుంచి వచ్చిన ఒకాయనకు తన ఇంటి వెనకాల వీరభద్రస్వామి గోపురం కనబడాలి. గుడి ఆయన ఇంటికి ఏ దిక్కున ఉందని అడిగాను. "ముంగట దిక్కున్నది. అయితేంది? బొమ్మల ఎనక వెట్టు" అన్నాడు. పెట్టాను. దేవుణ్ణి మోసుకొచ్చి ఇంటి వెనక నిలబెట్టిన పాపం నాదా, ఆయనదా అన్నది ఆ స్వామే తేల్చాలి.

వేరేవాళ్ళ ఇళ్ళకు బొమ్మలు వేస్తున్నంత కాలం ఇదంతా నవ్వుకోవడానికి బాగానే ఉంది. మా అక్క ఇంటిదాకా వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది.

మాది చిట్యాల దిక్కు ఒక చిన్న ఊరు. అక్కను తరిగొప్పుల దగ్గర పెద్ద భూములున్న ఇంటికి ఇచ్చాం. అక్క మామకు రాజకీయాల పురుగు కుట్టింది. పంచాయతీ సమితి ఎన్నికల్లో నిలబడాలంటే టౌనులో ఉండాలని, జనగామలో రైలు పట్టాలకు దగ్గర్లో ఒక పాత ఇల్లు కిరాయికి తీసుకొని కాపురం మార్చాడు. ఆ పక్కనే స్థలం కొని కొత్త ఇల్లు కట్టించాలని ఆయన తలపు. మనిషి మంచి ఎత్తరి, తెల్లటి ధోవతి, పెద్ద గొంతు. ఊరంతా ఆయన్ని పటేలా అనేది, నేను మామా అనేవాణ్ణి. బావ మాత్రం ఆయన ముందు ఏమీ అనేవాడు కాదు.

ఒకనాడు పొద్దుగూకే వేళ ఖాజీపేట నుంచి బండిలో వస్తున్నాను. జనగామ స్టేషను ఇంకా రాకముందే బండి నెమ్మదించింది. కిటికీలోంచి చూస్తే పట్టాల పక్కన తుమ్మకంపల దగ్గర ఆడవాళ్ళ వరుస ఒకటి ఒక్కసారిగా లేచి నిలబడింది. అందరూ బండికి వీపులు తిప్పి, చెంగులు తల మీదికి లాక్కొని, చెంబులు దాచుకొని, బండి పోయేదాకా అలాగే నిలబడి ఉన్నారు. మా పెట్టెలో ఇద్దరు ముగ్గురు తొంగిచూసి ఏదో అని నవ్వుకున్నారు. ఆ వరుసలో చివర నిలబడిన మనిషి కట్టుకున్న ఆకుపచ్చ చీర బతుకమ్మ పండక్కి నేను కొనిచ్చింది. నవ్వినవాళ్ళ పళ్ళు రాలగొట్టాలనిపించింది. ఎవరి తరఫున కొట్టానని చెప్పాలో తెలియక పళ్ళు నేనే కొరుక్కున్నాను.

మర్నాడు అక్క దగ్గరికి పోయాను. బండి మాట నేను ఎత్తలేదు, అక్కే అడిగింది.

"తమ్మీ, మా మామ ఇంటి బొమ్మ నీతోనే గీపిస్తడట గద. నాకు మేడ వద్దు, బాల్కనీ వద్దు. గా ఇంట్ల ఒక్క పాయఖాన వెట్టియ్యి, నీకు దండం వెడ్త. ఊళ్ళె ఉన్నప్పుడు జొన్నచేనన్న అడ్డముండె. ఈడ పట్టాలు తప్ప ఏమున్నది? తెల్లారకముందు పోవాలె, లేకుంటె పొద్దుగూకినంక పోవాలె. నడుమ పానం బాగలేకుంటె సుత పండ్లు కొరుక్కొని కూసునుడే. మొన్న కంకర మీద జారి మోకాలు పలిగింది."

"బావతోటి చెప్పినవా?"

"చెప్పిన. బాపుతోటి ఎట్ల చెప్తం అన్నడు. మా అత్తతోటి చెప్పిన. మేమంత పోలేదా అన్నది."

నేను పెట్టిస్తానని మాటిచ్చాను. నక్షాలో ఇంటి వెనక మూలన, దేవుని అర్రకు దూరంగా, చిన్న పాయఖాన పెట్టాను, దాని వెనక సెప్టిక్ ట్యాంకు. పని సగం అయిపోయిందనుకున్నాను. ఇంకా లోకం తెలియని వయసు.

బొమ్మ వేసేటప్పుడు మామకు అద్దాల బొమ్మ చూపిస్తే మంచిదనుకున్నాను. దాపరికం లేకుండా అన్నీ కనబడతాయి, అడిగింది అడిగినట్టు చెప్పొచ్చు, పెద్దమనిషి ఒప్పుకుంటాడు. ఇదీ నా లెక్క. మామ అరుగు మీద కుర్చీ వేసుకొని కూర్చున్నాడు. పక్కన ఎప్పటిలాగే రిటైరైన ఒక బడిపంతులు ఉన్నాడు. సారుకు ఇంగ్లీషు పేపరు చదవడం వచ్చు, హైదరాబాదులో నలుగురు ఆఫీసర్ల ఇళ్ళు చూసి వచ్చాడు, అందుకని మామ ఏ పనైనా ఆయన తల ఊపాకే చేసేవాడు.

"గీ చుక్కలేంది?" అన్నాడు మామ.

"ఎనకున్న అర్రలు మామా. గోడలు అద్దాలయితె ఎట్ల కనబడ్తయో గట్ల గీసిన."

"నేను అద్దాల గోడలు కట్టుమన్ననా?"

"లే మామా, ఒట్టిగ చూపెట్టెతందుకు."

సారు కళ్ళజోడు సర్దుకొని వేలు పెట్టి ఒక్కొక్కటీ చదివాడు. "ఇది కచేరీ. ఇది దేవుని అర్ర. ఇది వంటిల్లు. గీ మూలకు కోడిగూడంత ఉన్నదేందివయా?"

"పాయఖాన సార్."

మామ బొమ్మను తన ఒళ్ళోంచి తీసి, అది అంటుకుంటుందన్నట్టు, రెండు వేళ్ళతో నా చేతికిచ్చాడు.

"దేవుడున్న కప్పు కింద అదేందిరా? సరే, అది పక్కకు వెట్టు. గీ బొమ్మ నేను కచేరీల పెడ్త. వచ్చినోడల్ల చూస్తడు. మా ఇంటి ఆడోళ్ళు యాడ కూసుంటరో ఊరందరికి చూపెడ్తవా?"

"బొమ్మల కనబడ్డంక నలుగురికి కనబడ్డట్టే గద పటేలా" అని సారు తల ఊపాడు.

రోజూ రెండు పూటలా హైదరాబాదు పోయే బండీ, వచ్చే బండీ చూసిపోతున్న సంగతి నా నాలిక చివరిదాకా వచ్చింది. అక్క కాపురం గుర్తొచ్చి మింగేశాను. ఇంటి కోడలు పట్టాల పక్కన వరుసలో నిలబడితే పోని పరువు, కాగితం మీద నాలుగు చుక్కలు పెడితే పోయింది. ఈ లెక్క నాకు ఏ కాలేజీలోనూ చెప్పలేదు.

రెండోసారి నీడల బొమ్మ పట్టుకుపోయాను. అందులో వెనక అర్రలు కనబడవు. చెబితే నమ్మరు గానీ అది నా చేతిలోంచి వచ్చిన వాటిలో అన్నింటికన్నా మంచి బొమ్మ. పొద్దుటి ఎండ మేడ మీద పడి, బాల్కనీ నీడ కింద గోడ మీద వాలి, తలుపు లోపల చీకటి మెత్తగా ఉండేలా దిద్దాను. మామ బొమ్మను ఒళ్ళో పెట్టుకొని ఈ అంచు నుంచి ఆ అంచుదాకా చూశాడు. మెచ్చుకుంటున్నాడనుకున్నాను.

"గడి కాలినప్పుడు గిట్లనే ఉండె" అన్నాడు చివరికి.

ఆయన చిన్నతనంలో, దొరల మీద రైతులు తిరగబడ్డ రోజుల్లో, తరిగొప్పుల దిక్కు మామ వాళ్ళ కోటలాంటి గడి కాలిపోయింది. మసిబారిన ఆ గోడలు ఆయన కళ్ళలోంచి పోలేదు. నేను పడిన కష్టమంతా ఆయనకు మసిలా కనబడింది. పైగా సారు గడప మీద పడిన నీడ చూపించి, ఇంటి గడప మీద నీడ పడితే అరిష్టమన్నాడు. ఆ నీడ ఏ ఇంటి గడప మీదైనా రోజూ పడుతుందని చెప్పబోయాను. "నువ్వు మాట్లాడకు, గీయి" అన్నాడు మామ. ఆయనా ఓవర్సీరూ ఎక్కడ కలుసుకున్నారో నాకు తెలియదు.

లోపల చాయ్ ఇస్తూ అక్క మెల్లగా అంది. "ఏందిరా నువ్వు, ఉన్నయన్ని చూపెట్టాలని చూస్తవ్? గోడలు గోడల్లెక్క గీయి. అద్దాలు, నీడలు బంద్ వెట్టు. ముంగటికెళ్ళి చూస్తె ఎనకది కానరాదు గద? ఎనకకు పోయి చూసెటోడు ఎవడు?"

అలా రంగుల బొమ్మకు దిగాను. గులాబీరంగు గోడలు, ఆకుపచ్చ కిటికీలు, బాల్కనీకి నెమళ్ళ గ్రిల్లు, మేడ కొప్పు మీద రెండు సింహాలు, నడుమ మామ పేరు మొదటి అక్షరాలు. జనగామ నేలలో బతకని కొబ్బరిచెట్లు రెండు. మామకు లేని కారు ఒకటి. ఇల్లు ఎంత ఎత్తుందో తెలియడానికి మేము ఎప్పుడూ ఒక మనిషిని నిలబెడతాం, అలవాటు ప్రకారం గొడుగు పట్టుకున్న ఒక ఆడమనిషిని గేటు దగ్గర నిలబెట్టాను.

"గామె ఎవలు?" అన్నాడు మామ.

"ఎవలు గాదు మామా. ఇంటి ఎత్తు తెల్వనీకి."

"మా ఇంటి ముంగట ఆడామెకు ఏం పని? తీసెయ్."

ఆమె మీద క్రోటన్ల కుండీ వేశాను. రంగు పలుచనై, దగ్గరికి పోయి చూస్తే ఆకుల్లోంచి గొడుగు కొన కనబడేది. దూరం నుంచి ఎవరికీ తెలియదు. దగ్గరికి పోయి చూసేవాళ్ళు మా దేశంలో తక్కువ.

మామకు బొమ్మ నచ్చింది. నచ్చింది అనడం చిన్నమాట. అద్దం ఫ్రేము కట్టించాడు, కిరాయి ఇంట్లో పంచాయితీలు చెప్పే కచేరీలో తగిలించాడు, దాని ముందు కొబ్బరికాయ కొట్టించాడు. పంచాయితీకి వచ్చినవాళ్ళు చెప్పులు విడిచి బొమ్మ చూసేవారు. కొబ్బరిచెట్ల కాపు గురించి కూడా మాట్లాడుకునేవారు. ఇల్లు లేకముందే గృహప్రవేశం అయిపోయింది. నక్షా వైపు ఎవరూ కన్నెత్తి చూడలేదు, అది మేస్త్రి చేతికి పోయింది, పాయఖాన అందులో చల్లగా కూర్చుంది. అక్కా నేనూ ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా తిరిగాం, చూసుకుంటే నవ్వొచ్చేది.

గోడలు నడుము ఎత్తు లేచాక మామ పని చూడ్డానికి వచ్చాడు. ఒక్కడే రాలేదు. ఇద్దరు కూలీలతో ఫ్రేము కట్టిన బొమ్మను మోయించుకొచ్చి, ఇసుక కుప్ప మీద కుర్చీ వేయించి, కుర్చీలో బొమ్మను కూర్చోబెట్టాడు. తాను నిలబడి, బొమ్మను ఒకసారి, గోడను ఒకసారి చూస్తూ ఇల్లంతా తనిఖీ చేశాడు. వెనక మూలకొచ్చి ఆగాడు.

"గీ అర్ర బొమ్మల ఏది?"

మేస్త్రి తలపాగా తీశాడు. "బొమ్మ ముంగటికెళ్ళి ఉన్నది పటేలా. ఎనక దిక్కు బొమ్మల రాదు."

"బొమ్మల లేనిది ఇంట్లెందుకున్నది? కూలగొట్టు."

"గట్లంటె ఎనక గోడ సుత బొమ్మల లేదు పటేలా. మరి గదీ కట్టద్దా?"

మేస్త్రి వెటకారానికి అనలేదు, నిజంగానే అడిగాడు. మామ కూడా నిజంగానే ఆలోచించాడు. సారును పిలిపించారు. సారు బొమ్మ చుట్టూ తిరిగి, ఫ్రేము వెనక కూడా చూసి, వెనక ఏమీ లేదని నిర్ధారించాడు. ఇంటికి వెనక భాగం ఉండాలా వద్దా అనే విషయం తేలేదాకా పని ఆగిపోయింది. కూలీలు ఇసుక మీద పండుకున్నారు. నేను వేసిన రంగులే నా మెడకు చుట్టుకున్నాయి. ఎదురుగా ఉన్నదాన్ని అంత నిజంగా చూపించాక, చూపించనిది లేనట్టే అయింది. అక్క పాయఖాన నడుము ఎత్తు గోడలతో, కప్పు లేకుండా, చావుబతుకుల్లో ఉంది.

నాకు కబురొచ్చింది, వెనక దిక్కు బొమ్మ కూడా వేసుకురమ్మని. ఈసారి దాచే వీలు లేదు. అర్ర కనబడాలి, కనబడి మామకు నచ్చాలి. ఆ రెండు రోజులు నేను తిండి సరిగా తినలేదు. చివరికి ఒక నిర్ణయానికొచ్చి, నాకు తెలిసిన విద్యలన్నీ ఆ కోడిగూడంత అర్ర మీద కుమ్మరించాను. దానికి కమాను పెట్టాను. పైన చిన్న పిట్టగోడ, కొప్పు మీద కలశంలాంటి గుండు, వెంటిలేటరుకు పొద్దుపొడుపు గ్రిల్లు, గోడలకు ఆకాశం రంగు. ముందున్న మేడ కన్నా అదే ముద్దుగా కుదిరింది.

మామ చూశాడు. "గీ చిన్న మేడ మస్తుగున్నదిరా. ఇదేంది?"

నేను నోరు తెరిచేలోగా సారు అందుకున్నాడు. ఆయనకు హైదరాబాదు గుర్తొచ్చింది. "తెల్వదా పటేలా? పెద్ద ఆఫీసర్ల ఇండ్లల్ల గిట్లనే ఉంటయి. రేపు ఎన్నికైనంక మీ ఇంటికి కలెక్టరు స్థాయోళ్ళు వస్తరు. వాళ్ళను పట్టాలమ్మటి తోలుతమా? పాయఖాన ఉండాలె, లేకుంటె మన ఇజ్జత్ పోతది."

పరువు పోతుందని వద్దన్న అర్రను, పరువు పోతుందని కట్టమన్నాడు మామ. ఇంకా పెద్దగా కట్టమన్నాడు. తెల్లటి పింగాణీ బిళ్ళలు హైదరాబాదు నుంచి తెప్పించాడు, గోడకు అద్దం పెట్టించాడు, తలుపుకు నా బొమ్మలో ఉన్న రంగే వేయించాడు. నేను గెలిచాననుకున్నాను. ఆ సాయంత్రం ఓవర్సీరుకు మిరపకాయ బజ్జీలు కూడా తినిపించాను.

గృహప్రవేశం రోజున మామ ఆ చిన్న మేడ తలుపుకు పెద్ద తాళం వేసి, తాళపుచెవి మొలతాడుకు కట్టుకున్నాడు.

"ఆఫీసర్లకు" అన్నాడు, అందరూ వినేలా.

ఇల్లు కట్టడం అయిపోయింది. ఆడవాళ్ళు చెంబులు పట్టుకొని పట్టాల దిక్కే పోతున్నారు. అంతకన్నా ఒళ్ళు మండించే సంగతి, ప్రతి శుక్రవారం మామ తాళం తీసేవాడు, అక్క లోపలికి పోయి తెల్లటి బిళ్ళలన్నీ బూడిదతో తోమి కడిగి వచ్చేది, మామ మళ్ళీ తాళం వేసేవాడు. ఆఫీసరు ఎప్పుడొస్తాడో ఎవరికి తెలుసు, సిద్ధంగా ఉండాలి కదా. బావను అడిగితే "బాపుతోటి ఎట్ల చెప్తం" అన్నాడు. ఆ మనిషికి ఇంకో వాక్యం వచ్చో రాదో ఇప్పటికీ నాకు అనుమానమే.

నేను పోయినప్పుడు అక్క బియ్యం చెరుగుతోంది. తల ఎత్తకుండా అంది. "బొమ్మ మంచిగ గీసినవ్ తమ్మీ. కడుగుతుంటె నా మొఖం సుత కనబడ్తది."

నాకు ఏడుపొచ్చింది. దుకాణానికి పోయి రంగుల గిన్నెలు బయట పారబోశాను. మర్నాడు ఎవరో రంగుల బొమ్మకు వస్తే మళ్ళీ కలుపుకున్నాను.

మామ ఎన్నికల్లో గెలిచాడు. కొన్నాళ్ళకు నిజంగానే వరంగల్ నుంచి ఒక పెద్ద ఆఫీసరు భార్యను వెంటబెట్టుకొని భోజనానికి వచ్చాడు. బొమ్మల గొప్ప ఆఫీసరుకు వివరించడానికి నన్నూ రమ్మన్నారు. నేను కచేరీలో ఫ్రేముల పక్కన నిలబడి సింహాల గురించి చెబుతున్నాను. ఆఫీసరు భార్య పాయఖాన ఎక్కడని అడిగిందని లోపలి నుంచి కబురొచ్చింది, మామ ముఖం వెలిగిపోయింది. మొలతాడు నుంచి తాళపుచెవి విప్పి, తలుపు తానే తీసి, మళ్ళీ కచేరీలోకి వచ్చి కూర్చున్నాడు. అన్నేళ్ళ ఖర్చుకు ఆ ఒక్క నిమిషం చాలన్నట్టు మీసం దువ్వాడు.

ఆమె తిరిగొచ్చి అందరి ముందూ మెచ్చుకుంది. చేతులు తుడుచుకోను తువ్వాల ఇచ్చిన అక్కతో, "ఎంత శుభ్రంగా పెట్టుకున్నారమ్మా! ఇంతమంది వాడే ఇంట్లో ఇలా ఉంచడం ఎంత కష్టం!" అంది.

"మేం వాడం అమ్మా" అంది అక్క. "కడుగుతం."

"అదేంటి? మరి మీరెక్కడికి వెళ్తారు?"

అక్క అటు మామ వైపు చూడలేదు, ఇటు బావ వైపు చూడలేదు. తెరిచి ఉన్న పెరటి తలుపులోంచి చెయ్యి చాచి చూపించింది. దూరంగా ఎండలో పట్టాలు మెరుస్తున్నాయి.

"గక్కడికి. రైలుల పోయెటోళ్ళకందరికి ఎరుకే అమ్మా."

ఆమె ఆ వైపు చూసింది, కాసేపటికి అర్థమైంది. "ఎన్నోసార్లు బండిలోంచి చూశాను" అంది మెల్లగా. "వాళ్ళలో మీ ఇంటివాళ్ళు కూడా ఉన్నారా?"

ఆఫీసరు దగ్గాడు. సారు కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు, ఎంతసేపైనా తుడవడం ఆపలేదు. మామ ముఖంలో రంగు పోవడం నేను కళ్ళారా చూశాను. నాకు జాలి కలగలేదు. భోజనాలు గబగబా ముగిశాయి, జీపు పోయింది.

ఇక అక్కకు మూడిందనుకున్నాను. ఏమైనా అంటే అడ్డం పడదామని అక్కడే ఉన్నాను. మామ కుర్చీలో కూర్చొని, తాళపుచెవిని పిడికిట్లో పట్టుకొని, నేల చూస్తున్నాడు. అప్పుడు లోపలి నుంచి అక్క అత్త వచ్చింది. ఆమె గొంతు ఆ కచేరీలో నేను అంతకుముందు వినలేదు. మొగుడి ముందు నిలబడి చెయ్యి చాచింది.

"ఇటియ్యి" అంది.

ఆయన తల ఎత్తి చూశాడు. ఇచ్చాడు. ఆమె తాళపుచెవిని తీసుకుపోయి తాళంతో సహా పెరటి బావిలో పడేసి, నేరుగా ఆ చిన్న మేడలోకే పోయింది. మేమంతా పోలేదా అన్న మనిషి, అందరికన్నా ముందు పోయింది.

ఆ రాత్రి నేను అక్కడే పండుకున్నాను. తెల్లవారి అరుగు మీద పళ్ళు తోముకుంటున్నాను. మామ రోజూలా ఊరవతలికి పోలేదు. రాత్రంతా ఏం ఆలోచించాడో, చెంబు పట్టుకొని, గొంతు సవరించుకుంటూ, చిన్న మేడ వైపు నడిచాడు. తలుపు తోశాడు, రాలేదు. ఇంకోసారి తోశాడు. లోపలి నుంచి గడియ వేసి ఉంది.

"ఎవలు?" అన్నాడు పెద్ద గొంతుతో.

పెండ్లయి వచ్చినప్పటి నుంచి అక్క ఆయనకు ఎదురుగా నిలబడి గట్టిగా మాట్లాడింది లేదు. ఆమె గొంతు తలుపు వెనక నుంచి నిమ్మళంగా, స్పష్టంగా వచ్చింది.

"నేను మామా. జర ఆగుండ్రి."

మామ చెంబు కింద పెట్టాడు. కండువా తీసి భుజం మార్చుకున్నాడు. కొబ్బరిచెట్లు లేని ఆ పెరట్లో, నేను ఆకాశం రంగు వేసిన గోడ పక్కన నిలబడి, ఆగాడు.